గుగ్గిలం పూసిన ఇల్లు

గుగ్గిలం వాసన తగిలితే ఇప్పటికీ చింతూరులోని మా చెక్క ఇల్లే గుర్తొస్తుంది. కోరంగిలో ఓడల పని ఆగిపోయాక, తల్లిలేని నన్ను వెంటబెట్టుకుని, వడ్రంగి అయిన నాన్న ఆ ఏజెన్సీ ఊరికి వచ్చాడు. ఓడలు తప్ప ఇంకేమీ కట్టడం తెలియని మనిషి. నీళ్లు చొరకుండా ఓడకు చేసినట్టే, ఇంటి పలకల సందుల్లోనూ పీచు కూరి గుగ్గిలం పూశాడు.

ఆడుకోవడానికి అక్కడ నాకెవరూ లేరు. శబరి వరద మా మెట్ల దాకా వచ్చిన రోజు, పరికిణీలు మూటగట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను.

"ఏటే గుంటా, ఆ మూట?" అన్నాడు నాన్న.

"ఇల్లు తేలితే గోదాట్లో పడి కోరంగి ఎల్లిపోతాం కదా నాన్నా, అమ్మమ్మ కాడికి."

నవ్వుతాడనుకున్నాను. లోపలికెళ్లి తన పంచె తెచ్చి, నా మూట విప్పి, పరికిణీల పక్కన పెట్టి మళ్లీ ముడేశాడు.

సాయంత్రానికి వరద తీసింది. ఆ మూట విప్పమని మాత్రం నాన్న చాలా రోజులు అనలేదు.