ఊట ఎక్కడుందో చెప్పింది నేనే

మా వాగు ఎక్కడ పుడుతుందని ఊళ్ళో ఎవరినడిగినా, చెయ్యి గుట్టల వైపు ఊపి, "అడివిలకెళ్ళి వస్తది" అనేవాళ్ళు. అంతకుమించి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఆ మాటలో ఎంత ధీమా ఉండేదో! అడివి ఎక్కడికీ పోదు కాబట్టి నీళ్ళూ ఎక్కడికీ పోవు, ఎంత తోడుకున్నా తరగవు అని. ఆ ధీమా గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా మీద నాకు ఇంకా ఎక్కువ మండుతుంది. ఆ ఊళ్ళో వాగు గుట్టు అందరికన్నా ఎక్కువ తెలిసినదాన్ని నేను. తెలిసి నేను చేసిన నిర్వాకం ఇది.

తొమ్మిదో తరగతిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక, మా సోషల్ మాస్టారు ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వాగు వెంబడి నడిపించారు. ఆయనది సత్తుపల్లి అవతల. మాట మెత్తగా ఉండేది, తిట్టినా మెత్తగానే తిట్టేవారు. "గోదావరి ఎన్ని కిలోమీటర్లో టకటకా చెప్తారు. మీ మడుగులో నీళ్ళు ఎక్కడివర్రా అంటే నోరెళ్ళబెడతారు," అని చేతికి అట్టా పెన్సిలూ ఇచ్చారు. వాగు మొత్తానికి పటం గీయాలి. వానపడితే ఏ వాలు నుంచి ఏ నీరు అందులోకి దిగుతుందో అదంతా గీయాలి. దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకు పడింది.

రోడ్డు మీది చప్టా దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడిచాం. చప్టాకు దిగువన మా వాగు ఇంకో పెద్ద వాగులో కలిసి పోతుంది. అటు మాకు పని లేదు. చప్టాకు కాస్త పైన, వాగు వంపు తిరిగే చోట మడుగు ఉంది. ఒడ్డున ఏరుమద్ది చెట్టు, దాని వేళ్ళు నీళ్ళలోకి దిగి ఉండేవి. మడుగు అడుగంతా ఒకటే బండ, అందుకని నీళ్ళు ఇంకవు. మిగతా వాగంతా మార్చికల్లా ఎండిపోయినా ఆ మడుగులో మే నెలలోనూ నడుం లోతు నీళ్ళుండేవి. ఊరి బట్టలన్నీ అక్కడే ఉతికేవాళ్ళు. మందిరం వాళ్ళు ఏటా బాప్తిస్మాలు ఇచ్చేదీ అక్కడే. అది ఎందుకు ఎండదని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఆ కారణం నా కాలికే తగిలింది. మడుగు దాటి పొడి ఇసుకలో రెండు ఫర్లాంగులు నడిచాక ఒకచోట నా చెప్పులు తడిశాయి. సరిగ్గా మా చేను గట్టు కింద. మాస్టారు వంగి చేతులతో గుంట తవ్వారు. మేం అక్కడే టిఫిన్ డబ్బాలు విప్పి తిని, కడుక్కుందామని లేచేసరికి ఆ గుంట నిండి పొర్లుతోంది. "ఇదమ్మా అసలు సంగతి. ఈ ఊట ఇసుక కిందగా పోయి మడుగులో దిగుతోంది. ఇది ఉన్నన్నాళ్ళూ అది ఎండదు," అన్నారు. నేను పటం మీద ఆ చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

అక్కణ్ణుంచి పైకి మిరప చేలు, పత్తి చేలు, తర్వాత అడివి కొట్టి చేసే పోడు, ఆ తర్వాత వెదురు. గుట్ట కింద కోయ గూడెం దగ్గర రెండు పాయలు కలుస్తాయి. గూడెం పెద్దాయన ఆ రెంటికీ వాళ్ళ భాషలో పేర్లు చెప్పాడు. నాకు రాయడం చేతగాక ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు అని అంకెలు వేశాను. ఇప్పుడు ఆ పేర్లలో ఒక్కటీ గుర్తులేదు. అంకెలు మాత్రం గుర్తున్నాయి, ఏం చేసుకోను! గుట్ట కొస మీద మాస్టారు సీసాలో మిగిలిన నీళ్ళను రాయి మీద ఒంపారు. సగం ఇటు జారాయి, సగం అటు. "ఇటు పడ్డ చినుకు మీ వాగుకి, అటు పడ్డది పక్క వాగుకి. చివరికి రెండూ గోదాట్లోకే," అన్నారు. నాలుక పిడచకట్టుకుపోతుంటే ఈయన ఉన్న నీళ్ళు పారబోస్తున్నాడేమిట్రా దేవుడా అని మాకు ఏడుపొచ్చింది.

ఆ పటాన్ని పెద్ద డ్రాయింగ్ షీటు మీదికి రంగులతో దించాను. బడి గోడకు వారం రోజులుంది. తర్వాత ఇంటికి తెచ్చి, మైదాపిండి ఉడికించి మా ముందుగది గోడకు అంటించాను. మా నాయన నా మార్కుల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా దాని వంక చూసే రకం కాదు. అలాంటి మనిషి ఆ పటం ముందు నిలబడి నోట్లో చుట్ట ఆరిపోయేదాకా చూశాడు.

"ఈ ఎర్ర సున్నా ఏందే?"

"ఊట, నాయనా. మన చేను కిందనే."

"ఎండల గూడ ఉంటదా?"

"మే నెలల గూడ ఉంటది. మడుగుకు నీళ్ళొచ్చేది గక్కణ్ణుంచే."

"అబ్బో! సదువంటే గిట్లుండాలె," అని వీధిలోకి వినపడేలా అన్నాడు. నాయన నన్ను మెచ్చుకోవడం నాకు తెలిసి అదే మొదలు. రెండు రోజులపాటు నా కాలు నేల మీద నిలవలేదు.

మేలో జేసీబీ వచ్చింది. ఎర్ర సున్నా ఉన్న చోటే తవ్వి, సిమెంటు ఒరలు దించి, నాయన మోటారు పెట్టాడు. వ్యవసాయానికి ఉచిత కరెంటు కొత్తగా వచ్చిన రోజులవి. కరెంటు ఉన్నంతసేపూ మోటారు తిరిగేది. వానలు పడగానే చేనంతా పామాయిలు మొక్కలు పెట్టాడు. అశ్వారావుపేట వైపు తోటలు చూసొచ్చినప్పటి నుంచి ఆయనకు అదే కల. ఆయన్ని చూసి మాకు ఎగువన మా పెదనాయన, ఇంకో ఆయన కూడా వాగులోనే బావులు దింపారు. అప్పుడు చూడాలి మా నాయన రంకెలు! "నా ఊట గుంజుకుంటున్నరు," అని గట్టు మీద నిలబడి అరిచాడు. ఆయన ఊట అట! ఏడాది కిందటి దాకా అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు.

సంక్రాంతి దాటేసరికి మడుగు మోకాలి లోతుకు దిగింది. జెల్ల చేపలు బురదలో కొట్టుకుంటుంటే పిల్లలు చేతులతోనే పట్టుకుపోయారు. ఊరు మాత్రం తప్పంతా గూడెం వాళ్ళ మీదికి తోసేసింది. వాళ్ళు పోడు కొట్టబట్టే వాగు ఎండిందట. వాళ్ళు పోడు కొట్టడం మా తాతల నాటి నుంచీ ఉంది, మడుగు ఎన్నడూ ఎండలేదు. కిరాణా కొట్టు దగ్గర పదిమంది ఆ మాట అంటుంటే నాయన కూడా "అవ్, అవ్" అని తల ఊపాడు. నేను పక్కనే ఉన్నాను. ఉప్పు పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చేశాను.

ఇక మా అమ్మ సంగతి. మా ఇంట్లో మందిరానికి పోయేది అమ్మ ఒక్కతే. పెళ్ళయి వచ్చిన కొత్తలో మడుగు దగ్గర బట్టలు ఉతుకుతుంటే, మందిరం వాళ్ళు పాడుకుంటూ వచ్చి ఒకామెకు బాప్తిస్మం ఇచ్చారట. నీళ్ళలోంచి లేచిన ఆమె ముఖం చూసి, మునిగితే ఇక్కడే, ఈ నీళ్ళలోనే మునగాలి అనుకుందట. మా నాయనమ్మకు అది గిట్టలేదు. "ముసలామె ఉన్నన్ని దినాలు ఆ మాట ఎత్తకు," అన్నాడు నాయన. బాప్తిస్మం లేనివాళ్ళకు ప్రభువు బల్లలో, అంటే మందిరంలో పంచే రొట్టెలో, భాగం ఉండదు. నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టె పళ్ళెం వరస వెంట వస్తూ వస్తూ అమ్మ దగ్గరికి రాగానే ఆమెను దాటి పక్కామె చేతికి పోయేది. అమ్మ తల దించుకుని కొంగు సవరించుకునేది. చిన్నప్పుడు ఆమె పక్కన కూచుని అది చూసి, మా అమ్మ ఏం తప్పు చేసిందని పెట్టరు అని ఉడికిపోయేదాన్ని. పన్నెండేళ్ళు ఆ పళ్ళెం అమ్మను అట్లా దాటిపోయింది.

నాయనమ్మ పోయాక, నా పదో తరగతి పరీక్షలైన వేసవిలో, నాయన సరే అన్నాడు. ఈస్టరు తర్వాతి ఆదివారం అని మందిరం అయ్యగారు రోజు ఖాయం చేశారు. అమ్మ తెల్ల చీర కొనుక్కుంది. తీరా చూస్తే మడుగులో చుక్క నీళ్ళు లేవు. బండ మీద పాచి ఎండి పెచ్చులు లేస్తోంది. ఏరుమద్ది వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి.

అమ్మ ఏడవలేదు. ఎగువన బావులున్న రెండు ఇళ్ళకూ తనే పోయి బతిమాలుకుంది. "మీ ఆయన బంద్ పెడితే మేం గూడ పెడతం," అన్నారు వాళ్ళు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నాయన ముందు కూచుంది.

"పది రోజులు మోటారు బంద్ పెట్టయ్యా, నీకు దండం పెడత. ఊట మడుగుకు దిగుతది. ఆదివారం అయినంక నీ ఇష్టం."

"ఏడాది మొక్కలే అవి! పది రోజులు నీళ్ళు లేకుంటే ఒక్కటన్న బతుకుతదా? తోట ఎండితే దీని సదువు గూడ ఎండుతది."

"అన్ని రోజులు గూడ పట్టదేమో. బిడ్డనడుగు. వాగు సంగతి దానికి ఎర్క."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అమ్మ గోడ మీది పటం వైపు వేలు చూపిస్తోంది. "చెప్పు బిడ్డా. పది రోజులకు మడుగు నిండదా?"

తెలియదు అంటే సరిపోయేది. కానీ అది కూడా అబద్ధమే అయ్యేది. డబ్బా కడుక్కునేలోపు నిండిన గుంట నా కళ్ళ ముందుంది. ఖమ్మంలో హాస్టలు, ఇంటరు, కొత్త పెట్టె, అవీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నాయన ముద్ద కలపడం ఆపి నన్నే చూస్తున్నాడు.

"నిండదమ్మా," అన్నాను. "తక్కువల తక్కువ నెల పడుతది."

అమ్మ నమ్మింది. చదువుకున్నదాన్ని గదా! లేచి కంచాలు తీసింది.

నాయనకు జాలేసిందో ఏమో, వెనకనుంచి అన్నాడు. "మన చేల తొట్టి ఉంది గదనే. మోటారేస్తే గంటల నిండుతది. అవే నీళ్ళు. చోటు మారింది, అంతే."

"చోటే కదయ్యా నేనడిగింది," అంది అమ్మ.

చివరికి తొట్టే గతి అయింది. నీళ్ళు ఏవైనా ఒకటేనమ్మా అని అయ్యగారు సర్దిచెప్పారు. అది ఎరువులు కలిపే సిమెంటు తొట్టి. తిన్న కంచం ఎన్నడూ కడగని మా నాయన ఇటుక ముక్కతో, కొబ్బరి పీచుతో రెండు రోజులు దాన్ని తోమాడు. ఎంత తోమినా అంచున తెల్ల మరక పోలేదు. ఆదివారం పొద్దున సంఘమంతా పామాయిలు మొక్కల మధ్య నిలబడింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదని మోటారు ఆపలేదు. అందరూ పాడుతూనే ఉన్నారు గానీ పైపు హోరులో ఒక్క చరణమూ వినపడలేదు. లోతు చాలక అయ్యగారు అమ్మను తొట్టిలో కూచోబెట్టి వెనక్కి వంచారు. మోచెయ్యి సిమెంటుకు గీసుకుని రక్తం వచ్చింది. ఆమె లేచాక ఆ ముఖంలో ఏం కనిపిస్తుందా అని వెతికాను. "తువ్వాల ఇటియ్యి," అంది, అంతే.

తర్వాతి నెల మొదటి ఆదివారం పళ్ళెం అమ్మ దగ్గర ఆగింది. ఆమె రొట్టె తుంచుకుంది. పోనీలే, ఆ సంతోషమైనా దక్కింది అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ వారంలోనే మా చేల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

లోడు ఎక్కువైందన్నాడు లైన్‌మన్. దాన్ని బాగుచేయించి తెచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది. మూడు బావుల మోటార్లూ మూగబోయాయి. చినుకు కూడా పడలేదు. నేనూ నాయనా ఊరి చేతి బోరింగు నుంచి బిందెలతో మోసి దగ్గరి నాలుగు వరసలకు పోశాం. మిగతా తోటను దేవుడికి వదిలేశాం. ఎనిమిది రోజుల తర్వాత చూస్తే ఒక్క మొక్క చావలేదు.

ఆరో రోజు పొద్దున బోరింగు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారని అమ్మ పాత అలవాటు కొద్దీ బట్టల మూటతో వాగు వైపు పోయింది. మూట విప్పకుండానే తిరిగొచ్చింది.

"నాతోటి రా," అంది.

మడుగు నిండి ఉంది. ఏరుమద్ది వేళ్ళు నీళ్ళలో ఉన్నాయి. అమ్మ మూట గట్టున పెట్టి, కుచ్చిళ్ళు ఎత్తకుండానే దిగి నడిచింది. మధ్యకు పోయేసరికి నీళ్ళు నడుం దాకా వచ్చాయి. అక్కడ నిలబడింది. మునగలేదు. బాప్తిస్మం ఒక్కసారే, రెండోసారి ఉండదు.

"కరెంటు పోయి ఎన్ని దినాలైందే?"

"ఆరు," అన్నాను.

"నెలన్నవ్ గదా బిడ్డా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒడ్డుకొచ్చి, మూట విప్పి బట్టలు ఉతికింది. దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది, ఇద్దరం పిండాం. ఆ సంగతి అమ్మ నాయనతో ఎన్నడూ అనలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది. "బిడ్డా, జల్దీ పోయి మోటారెయ్," అని నాయన అరుగు మీది నుంచి కేకేశాడు. పొయ్యి దగ్గరున్న అమ్మ తలెత్తి నా వైపు చూసింది. నేను వెళ్ళి మోటారు వేశాను.