హైవే మీద రాణీగారి నవ్వు

రాణీగారికి ఆస్థాన ఫోటోగ్రాఫర్ని నేను. జగ్గయ్యపేటలో ఏ టీకొట్టు దగ్గర అడిగినా ఈ మాటే చెబుతారు. ఎందుకంటే అక్కడ చెప్పిపెట్టింది నేనే. నిజానికి ఆస్థానమూ లేదు, ఆ ఉద్యోగమూ లేదు. వత్సవాయి వెళ్ళే దారిలో సగం పెంకులు రాలిన దివాణం ఒకటుంది. ఆవిడ కోడలిగా వచ్చేసరికే జమీ పోయింది. అయినా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆవిడని రాణీగారనే అంటాయి, ఎవరూ అనమనకుండానే.

మునేరు పొంగిన ఏడాది దివాణం గదులన్నీ జనానికి తెరిచి, తను వసారాలో నవారు మంచం వేసుకుని పడుకున్నారు. కొత్తగా పెళ్ళయిన జంటలు ఆవిడ చేత అక్షింతలు వేయించుకోకుండా కాపురం మొదలుపెట్టవు. మా వాళ్ళ పిల్లలు కూడా నిఖా అయ్యాక వెళ్ళి ఆవిడ దగ్గర కాసేపు కూర్చుని లడ్డూ తినొస్తారు.

ఏటా దసరాకి జమ్మి పూజయ్యాక నన్ను ఒక్క ఫోటో తియ్యనిచ్చేవారు. అదే కుర్చీ, అదే గోడ, బిగించిన అవే పెదాలు. "పళ్ళు కనపడ్డాయో, చింపేస్తా సాయిబూ" అనేవారు. వాళ్ళత్తగారు నేర్పిన పద్ధతట. ఆవిడవి లక్ష ఫోటోలు తీశానని మనవళ్ళకి చెబుతుంటా. పెళ్ళి జంటల వెనకాల కనపడ్డవన్నీ కలిపినా లక్షకి ఆమడ దూరం. ఎన్ని తీసినా మొహం మాత్రం ఒకటే.

ఒక్కదాంట్లో తప్ప. ఓ పెళ్ళికొడుకు కాళ్ళకు దండం పెట్టబోతే తలపాగా జారి ఆవిడ ఒళ్ళో పడింది. రాణీగారు పకపకా నవ్వేశారు. నా వేలు దానంతటదే నొక్కేసింది. ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు, చింపేస్తారని భయం. కంప్యూటర్లో ఉన్నదాన్ని ఎట్లా చింపుతారని భయానికి తెలియదుగా.

ఈ వానాకాలం ఆవిడకి ఊపిరాడక బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పేటలో ఏ ఇద్దరు కలిసినా అదే మాట. నాకు మాత్రం ఆ దిగులుతో పాటు ఇంకో దిగులు పట్టుకుంది. మా వైపు పెద్దవాళ్ళు పోతే, మనిషి ఇల్లు చేరకముందే ఫ్లెక్సీ లేస్తుంది. తొందరలో చేతికి దొరికిన ఫోటో వేసేస్తారు. ఒక పెద్దాయన్ని ఆధార్ కార్డు ఫోటోతో సాగనంపారు. పాపం, కట్టినన్నాళ్ళూ సెంటర్లో దొంగలా చూశాడు. ఇంకో తల్లికైతే గ్రూపు ఫోటోలోంచి కత్తిరించడం వల్ల భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది, ఆ చెయ్యి తాలూకు మనిషి లేకుండా. రాణీగారికి అట్లాంటిది జరిగితే నేనెందుకు బతికినట్టు?

అన్నం సయించలేదు. "రాణీగారికి ఏమీ కాదు గానీ, మీరే ముందు పోయేట్టున్నారు" అంది మా ఆవిడ.

మర్నాడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని నందిగామ వెళ్ళా. అక్కడ ఫ్లెక్సీలు కొట్టే షాపతను నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడంటే, ఓ వేసవి నా స్టూడియోలో ఫ్యాను కింద కూర్చున్నాడు. "ఒకవేళ... ఆ పని పడితే, ఈ ఫోటోనే వెయ్యి" అని ఆ నవ్వు ఇచ్చా. పేటలో ఇవ్వచ్చుగా అంటారేమో. పేటలో ఇస్తే సాయంత్రానికల్లా ఆవిడని నేనే చంపేశానంటారు.

రెండ్రోజులకి పొద్దున్నే దివాణం గుమస్తా ఫోన్ చేశాడు. "అమ్మగారికి నెమ్మదించింది. ఇంటికి పంపించారు. బెజవాడలో బయల్దేరారు" అన్నాడు. టీకొట్టు దగ్గర అందరికీ నేనే చెప్పా, నేను ఉపవాసముండి దువా చేసిన ఫలితమని. చేతిలో బన్ను ఉండగా చెప్పాననుకోండి.

ఆ బన్ను ఇంకా అవలేదు, ఫోన్ మోగింది. ఫ్లెక్సీ షాపతను.

"బాబాయ్, చాలా బాధాకరం. ఎవరో స్టేటస్ పెట్టారంట, అమ్మ ఇక లేరని. కుర్రాళ్ళు తెల్లారకముందే వచ్చి షట్టరు బాదారు. నువ్విచ్చింది రెడీగా ఉందిగా, కొట్టిచ్చేశా. హైవే మీంచి నందిగామలోకి తిరిగే చోట కట్టారు. భలే వచ్చింది బాబాయ్, మొహంలో కళ!"

"నీ కళ తగలెయ్య! ఆవిడ బతికుంది! కార్లో వస్తోంది, ఆ దారినే!"

"నేను పెళ్ళికని ఖమ్మం బస్సెక్కా బాబాయ్. కుర్రాళ్ళు ఫోన్లెత్తట్లా" అన్నాడు నీరసంగా.

ఆస్పత్రి నుంచి లేచొస్తున్న మనిషి, తన చావుని తనే, అదీ పళ్ళు బయటపెట్టి నవ్వుతూ చూసుకుంటే ఆ గుండె నిలుస్తుందా? దొరికిన ఆటో ఎక్కి, కూర్చోకముందే ఆవిడ డ్రైవర్‌కి ఫోన్ చేశా. వీరులపాడు కుర్రాడు, మంచివాడు.

"అబ్బాయ్, కారు కాస్త మెల్లగా పోనీ. కంచికచర్లలో ఆపి టీ తాగండి."

"తాతా, ఫోన్ స్పీకర్లో ఉంది. అమ్మగారు ఇక్కడే ఉన్నారు."

"ఏం సాయిబూ?" ఆ గొంతే. సన్నబడింది గానీ ఆ గొంతే. "నన్ను టీ మానమన్నారయ్యా."

"అయితే కొబ్బరి నీళ్ళు తాగండమ్మా. నిదానంగా తాగండి."

"ఎందుకూ?"

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. నా నోటికి సగం మాటతో ఆగే అలవాటు లేదు. "నందిగామ దగ్గర పెద్ద యాక్సిడెంటమ్మా. సిమెంటు లారీ పల్టీ కొట్టింది. రోడ్డంతా జనం, ఆర్తనాదాలు" అన్నా.

"అయ్యో! మన వైపు మనుషులేనా? దెబ్బలు గట్టిగా తగిలాయా?" ఆవిడ గొంతు డ్రైవర్ వైపు తిరిగింది. "ఏరా, ఇంత మెల్లగా పోతావేంటి? తొక్కు. మన కారైనా ఆస్పత్రికి పనికొస్తుంది."

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. చిల్లకల్లు దాటేదాకా నాకు ఆటో కదులుతున్నట్టే అనిపించలేదు. ఆవిడది తెల్లకారు. ఎదురుగా అట్లాంటిది కనపడ్డప్పుడల్లా ఆటోలోంచి సగం బయటికి వంగి చూసేవాణ్ణి. తెల్లకార్లు ఇన్ని ఎప్పుడు కొన్నారు ఈ జనం?

దూరం నుంచే కనపడింది. రెండు సరుగుడు కర్రల మధ్య, ఇల్లంత నవ్వు. ఇల్లంత కాదు లెండి, గుమ్మమంత. కింద "అశ్రునివాళి" అని ఎర్రటి అక్షరాలు. ఆ కంగారులో కూడా ఒక్క క్షణం నిలబడి చూశా. నా ఫోటో అంత పెద్దగా నేనెప్పుడూ చూసుకోలేదు.

ఆటో అతని దగ్గర కత్తి తీసుకుని ఒక వైపు తాళ్ళు కోశా. ఫ్లెక్సీ సగానికి మడతపడి నా నెత్తిన కూలింది. దాన్ని కావలించుకుని రెండో కర్ర దగ్గర గింజుకుంటుంటే వెనకాల కారు ఆగిన చప్పుడు.

"ఏదయ్యా లారీ?"

మొహం మడతలో ఉంది. అక్షరాలు మాత్రం నా పొట్ట మీద పరుచుకుని ఉన్నాయి. కారు అద్దంలోంచి ఆవిడ చదివారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు.

"ఆ రెండో వైపూ కోసి, చుట్టబెట్టుకుని ఎక్కు" అన్నారు.

నందిగామ నుంచి దివాణం దాకా ఆవిడ ముందుకే చూస్తూ కూర్చున్నారు. నేను వెనకాల, ఒళ్ళో చుట్టిన ఫ్లెక్సీ. ఇన్నేళ్ళుగా ఆ ఇంటి గుమ్మం నాకు అడగకుండా తెరుచుకుంది. ఇక ఆ దసరా ఫోటో లేదు, ఆ "సాయిబూ" అన్న పిలుపు లేదు అనుకున్నా. అద్దంలో డ్రైవర్ నన్ను చూసి జాలిగా కళ్ళు తిప్పుకున్నాడు.

దివాణంలో కుర్చీలో కూర్చోబెట్టగానే, "విప్పు" అన్నారు. వసారా అంతా పరిచా. ఆవిడ చాలాసేపు చూశారు.

"పళ్ళు కనపడుతున్నాయి."

"అవునమ్మా."

"నేనిట్లా నవ్వుతానా?"

మీ నవ్వుకి మూడు మండలాలు వెలుగుతాయి అందామని నాలిక దాకా వచ్చింది. "ఒక్కసారే చూశానమ్మా. ఆ తలపాగా పడ్డ రోజు" అన్నా.

"మరి నాకు చూపించలేదే?"

"చింపేస్తారని."

"చచ్చాక అందరికీ చూపిద్దామనుకున్నావా? అప్పుడు నేనెట్లా చూస్తానయ్యా?"

నేను ఆవిడ మర్యాద కాపాడుతున్నాననుకున్నా. ఊళ్ళన్నిటికీ ఇవ్వబోయిన నవ్వుని, ఆవిడ ఒక్కరికే కనపడకుండా దాచిపెట్టానని అప్పటిదాకా తట్టలేదు.

ఆవిడ గుమస్తా వైపు తిరిగారు. "దూడల పాక కారుతోందన్నావుగా. ఇది కప్పించు. బొమ్మ లోపలికి ఉండాలి. వాటికి చదువు రాదు కాబట్టి అక్షరాలతో పేచీ లేదు."

నేను లేచి నమస్కారం పెట్టా, అదే ఆఖరిదన్నట్టు.

"దసరాకి రా సాయిబూ. పెదాలు బిగించే కూర్చుంటా, ముందే చెబుతున్నా. ఆ తర్వాత నీ తంటాలు నువ్వు పడు."

దసరా ఇంకా రాలేదు. దివాణం నుంచి ఎవరు ఫోన్ చేసినా, హలో కన్నా ముందు ఆవిడ ఎట్లా ఉన్నారనే అడుగుతున్నా. ఆవిడని నవ్వించే మాట ఒకటి కావాలి, ఆ ఒక్క మాటా తోచట్లేదు. రోజూ పొద్దున్నే కెమెరా తీసి, చెయ్యి వణుకుతోందా అని చూసుకుంటున్నా. అస్సలు వణకట్లేదు. అంటే, కొద్దిగా. సరే, బాగానే వణుకుతోంది.