మట్టిగుట్ట మీద జనుము

రిటైర్మెంటుకు మూడేళ్లు ఉండగా నన్ను రాజమండ్రి ఆఫీసులో భూవిభాగం డిప్యూటీ మేనేజరుగా వేశారు. చిన్న క్షేత్రాల్లో చమురు, గ్యాసు వెతికే కంపెనీలకు ప్రభుత్వం రాయితీలిస్తున్న రోజులవి. ఆ ఊపులో మా కంపెనీ మండపేట దగ్గర మూడెకరాల వరిచేను తాత్కాలిక లీజుకు తీసుకుంది.

రిగ్గు దిగే ముందు పైమట్టిని మూరెడు లోతున తీసి ఒక మూల గుట్టగా పోయాలి. మిగతా నేల మీద గ్రావెల్ పరిచి బావి తవ్వుతారు. గ్యాసు పడకపోతే బావిని సిమెంటుతో మూసి, గ్రావెల్ ఎత్తేసి, ఆ మట్టిని తిరిగి పరచాలి. తర్వాత నేల సాగుకు పనికొస్తుందో లేదో రిపోర్టు రాసి సంతకం చేయడం నా పని.

భూమి యజమాని భీమవరంలో రొయ్యల చెరువులు చేయిస్తుండేవారు. ఈ చేను పండించేది మంగాయమ్మ గారు. భర్త పోయాక కౌలు ఆవిడే నడుపుతున్నారు. కౌలు నోటిమాట మీదే కాబట్టి మా కాగితాల్లో ఆవిడ పేరు ఎక్కడా లేదు.

ఒకసారి తనిఖీకి వెళితే గుట్ట మీద జనుము నడుమెత్తు పెరిగి పూతకొచ్చి ఉంది. కంచె లోపల ఈ సాగేమిటని నాకు ఒళ్లు మండింది. వాచ్‌మన్‌ని పిలిచి పీకించబోయాను. అంతలో మంగాయమ్మ గారు గట్టు దిగి వచ్చారు.

“ఏంటండీ ఇది? మట్టిని ఊరికే ఎండకి వదిలేస్తే చచ్చిపోదాండీ? అమ్ముకోడానికి వేశాననుకున్నారా ఏంటి? పచ్చిగా ఉండగానే మట్టిలో కలిపేస్తానండి, అదే ఎరువు.”

రైతు కుటుంబంలో పుట్టిన నాకు ఆ సంగతి తోచనందుకు సిగ్గేసింది. వాచ్‌మన్‌ని వెనక్కి పంపేశాను.

బావిలో గ్యాసు పడలేదు. గ్రావెల్ ఎత్తకముందే యజమాని మా ఆఫీసుకొచ్చారు. బీడు భూముల్లో సోలార్ ప్యానెళ్లు పెడితే ప్రభుత్వ ప్రోత్సాహం ఉందట. నేను సాగుకు ‘పనికిరాదు’ అని రాస్తే ప్యానెళ్ల ఆదాయంతో ఆయనకు ఏళ్ల తరబడి నిశ్చింత. గ్రావెల్ ఎత్తే శ్రమ తప్పుతుందని మా పై అధికారీ అటే మొగ్గారు. నాకు సోలార్ మీద కోపమేమీ లేదు, మా డాబా మీదా అవే ఉన్నాయి. కానీ ఆ చేను పోతే మంగాయమ్మ గారు కూలికి పోవాల్సిందే.

నిబంధన ప్రకారం ముందు నేలను బాగుచేసి, ఆ తర్వాతే రిపోర్టు రాయాలని మొండికేశాను. మంగాయమ్మ గారి జనుము కలిసిన ఆ మట్టి తిరిగి పరిచాక పరీక్షలో నిలబడింది. ‘సాగుకు యోగ్యం’ అని రాసి సంతకం పెట్టాను. పై అధికారి నెల్లాళ్లు నాతో ముక్తసరిగానే మాట్లాడారు. యజమాని దగ్గరికి నేనే వెళ్లి, ప్యానెళ్లు చెరువుల దగ్గరి షెడ్ల కప్పుల మీద పెట్టుకోవచ్చని చెప్పాను. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నారు, కౌలూ కొనసాగించారు. ఆ వానాకాలం సార్వా పంటకి మంగాయమ్మ గారు ఊడ్పులు వేయిస్తుంటే జీపు ఆపి చూశాను. ఉద్యోగంలో అంత తృప్తి నాకు అరుదుగా దొరికింది.

చమురు దరఖాస్తులోనూ, సోలార్ దరఖాస్తులోనూ భూమి యజమాని పేరుకు గడి ఉంది. పండించేవారి పేరుకు రెండింటిలోనూ గడి లేదు. రిటైరయ్యేదాకా ప్రతి రిపోర్టులో ఆ పేరు మార్జిన్లో చేత్తో రాస్తూ వచ్చాను. ఎందుకు రాశావని ఏ అధికారీ అడగలేదు. ఇంత సులువైన పనిని అంతకుముందు సర్వీసంతా చేయకుండా గడిపింది నేనే.