పిల్లల్ని మోస్తున్న తోడేలు సాలీడు

ఈ రోజు పొద్దున చాపాడు దగ్గర ఓబులమ్మ శనగ చేనులో, నేను నెలల తరబడి వెతుకుతున్న సాలీడు దొరికింది. సీసాలో పట్టి భూతద్దంతో చూశాను. కింద వరసలో నాలుగు చిన్న కళ్లు, వాటి పైన రెండు పెద్దవి, వెనక మరో రెండు. గూడు అల్లకుండా నేల మీద పరుగెత్తి వేటాడే తోడేలు సాలీడే. వీపు నిండా పిల్లలు. తోడేలు సాలీళ్లలో ఇది ఏ రకమో తేలాలంటే స్పిరిట్‌లో ముంచి, మైక్రోస్కోప్ కింద చూడాలి. స్పిరిట్ పోయబోతుంటే ఓబులమ్మ వచ్చింది.

"ఏం చేస్తాండావు సారూ?"

"దీని పేరు కనుక్కోవాలమ్మా. చంపితే గానీ తెలియదు."

"పేరు తెలీకుండానే ఇన్ని దినాలు మా చేన్లో బతకల్యా అది? శానా పురుగుల్ని తింటాది. పిల్లలతల్లిని ఇడిసిపెట్టప్పా."

సీసా పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. చివరికి వదిలేశాను. అది నేల పగుల్లోకి జారిపోయింది.

ప్రొద్దుటూరు తిరిగొచ్చి కాలేజీలో పాఠం చెబుతూ రెండుసార్లు తడబడ్డాను. ఇప్పటికీ కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మళ్లీ దొరుకుతుందో లేదో తెలియదు. దొరికితే చంపగలనో లేదో అదీ తెలియదు. జంతుశాస్త్రం చెప్పేవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, దయచేసి నన్ను తిట్టండి.