బెంచీ మీద ఉగ్గాని

యాభై దాటేదాకా హులిగెమ్మ వేడి బజ్జి తిని ఎరగదు. ఆదోని రోడ్డు మొదట్లో శివన్న టిఫిన్ బండి ఎప్పటినుంచో ఉంది. బండి పక్కన బెంచీ మగవాళ్లది. అలా అని ఎవరూ అనలేదు. ఆడవాళ్లు పొట్లం కట్టించుకుని ఇంటికి పోతారు, అంతే. ఇల్లు చేరేసరికి బొరుగుల ఉగ్గాని ముద్దయ్యేది, మిరపకాయ బజ్జి చెమటపట్టి మెత్తబడేది. మొదటి వాటా మొగుడిది, తర్వాత కొడుకుది. కాగితానికి అంటుకున్న పుట్నాల పొడి ఆమెది.

మొగుడు పోయాక ఒకనాటి పొద్దున శివన్న కాగితం చించబోతుంటే ఆమె ఆపింది.

"పొట్లమొద్దు. ఈడనే తింటా."

బెంచీ చివర కూర్చుంది. ఎరువుల అంగడి గోపన్న నవ్వాడు. "ఏమ్మా, ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా?"

"నీ ఇంట్లో ఎప్పుడో ఆరినట్టుండాది కదప్పా. దినామూ ఈడనే ఉంటావు."

బెంచీ అంతా నవ్వింది. హులిగెమ్మ బజ్జి కొరికింది. నాలుక చుర్రుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊదుకుని తినాలని ఆమెకు తట్టలేదు. పొట్లంలో బజ్జిని ఎవరు ఊదుతారు?

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

మాట ఆటో స్టాండుకు చేరింది. కొడుకు హనుమేషుది ఆటో. రోజూ తల్లిని పత్తి చేను దగ్గర దించేది అతనే. ఆ పొద్దున ఆటో తెచ్చి బండి ముందే ఆపాడు.

"అమ్మా, లెయ్. మొగోళ్ల మధ్య కూచొని తింటాండావని ఊరంతా నవ్వుతాండారు. పొట్లం నేను తెస్తా గదా ఇంటికి."

"నువ్వు తెచ్చేలోపల మెత్తబడతాది."

"ఒక్క బజ్జి కోసం పరువు తీస్తావా?"

"ఒకటి గాదు, రెండు. నా దుడ్లు, నా నోరు. పరువు నీదైతే ఆటోలో పెట్టుకొని పో."

గోపన్న ఏదో అనబోయి ఉగ్గాని నోట్లో పెట్టుకున్నాడు.

హనుమేషు ముఖం ఎర్రబడింది. "ఇట్లయితే రేపట్నుంచి ఆటో ఎక్కొద్దు. చేనుకు నడుచుకుంటా పో."

"రేపటిదాకా ఎందుకు? ఈపొద్దే నడుస్తా."

అతను ఇంజను ఆన్ చేసి, ఆమె లేస్తుందేమోనని కాసేపు చూశాడు. ఆమె చేతిలో బజ్జి పొగలు కక్కుతోంది. ఆటో మలుపు తిరిగేదాకా దాన్ని ఊదుతూనే కూర్చుంది. తర్వాత కొరికింది.

"శివన్నా, ఇంకో రెండు వెయ్యి. చేను దూరముండాది."