బాపు నమిలి చూసిన పచ్చజొన్నలు

శీనన్నా, బాగున్నవా... జవాబు లేటైంది, ఏమనుకోకన్నా. ఇప్పటి పంటల్ల బలం లేదంటున్నరు, విత్తనాలు మార్చుడు వల్లనేనా, జొన్నలమ్మెటోడివి నువ్వే చెప్పు అని మన గ్రూపుల అడిగినవ్. చెప్పాలంటే బాపు సంగతి చెప్పాలె. అందుకే నెల రోజులు పట్టింది...

మా చిన్నప్పుడు... పాతబస్తీ హుస్సేనీ ఆలంల దుకాణం తెర్వంగనే బాపు ఒక్కో బస్తాల నుంచి నాలుగు గింజలు తీసి నోట్లేసుకుంటుండె. కండ్లు మూసుకొని నమిలెటోడు. మంచిగుంటె బస్తా ముందటికి, లేకుంటె ఎనుకకు. మొఘల్‌పురా నుంచి, ఖాలా అని మేం పిలిచే పెద్దామె ఒకామె వస్తుండె. సేఠ్ నమిలి చూసిండా అని అడిగినంకనే సంచి తీస్తుండె.

హైబ్రిడ్ జొన్నలు మొదటిసారి దుకాణంలకు వచ్చిన దినం నాకు యాదికుంది. తెల్లగ, బొద్దుగ, చూస్తనే కొనబుద్ధైతుండె. బాపు నమిలి ఉమ్మేసిండు. "ఉత్త పిండిరా ఇది" అన్నడు. అమ్ముడైతే అమ్మిండు, గిరాకి అడుగుతుండె గదా... ఇంట్ల మాత్రం మా అమ్మ, అవ్వ అనే పిలుస్తుంటిమి, పచ్చజొన్న రొట్టెలే చేసింది. పసుపు రంగు గింజ, జరంత తీపి. వేడి రొట్టె మీద నూనె, కారం... రెండు తింటే పొద్దుగూకెదాంక ఆకలి కాకపోతుండె.

మూడేండ్ల కింద బాపు తిండి బంద్ చేసినంత పని చేసిండు. ఎనభై దాటినయ్. ఏ రొట్టె పెట్టినా, దీంట్ల ఏం లేదురా అని జరుపుతుండె. మనిషి సన్నగైతుంటె నాకు ఒకటే ఫికర్... పాత విత్తనం దొరికితే తింటడని తాండూరు దిక్కు తిరిగిన. బాలయ్య అని రైతు దొరికిండు, బాపు నమిలి చూసుడు సంగతి ఆయన గూడ విన్నడంట. చుట్టూత అందరు పత్తి పెట్టినా ఆయన వాళ్ల తాతనాటి పచ్చజొన్న వదలలే. రెండు బస్తాలు పట్టుకొచ్చిన.

బాపు నమిలిండు. చానా సేపు నమిలిండు.

"గిది గూడ గంతే. మోసపోయినవ్ రా."

నేను ఒక్క గింజ నోట్లేసుకోలే శీనన్నా. బాపు చెప్పినంక ఇంక చూసేదేముంది? బాలయ్యకు ఫోన్ చేసి లొల్లి లొల్లి చేసిన. హైబ్రిడ్ కలిపినవ్, ముసలాయన పానం మీద వ్యాపారం చేసినవ్ అన్న. ఆయన, "మీ బాపు నమిలి చెప్పిండా సేటూ... అయితే నిజమే కావొచ్చు" అన్నడు. బస్తాలు వాపస్ పంపిన.

వానలు పడ్డంక ఒక పొద్దున మా ఆమె తొందరల చాయ్‌ల చక్కెరకు బదులు ఉప్పేసింది. బాపు గ్లాస్ మొత్తం తాగి, మంచిగుంది బిడ్డా అన్నడు. నేను ఒక్క గుటక మింగలేకపోయిన.

డాక్టర్ అన్నడు, వయసుకు, మందులకు నాలుక మీద రుచి పోతదంట. ఇంటికొచ్చి బాపు చూడనీకె డబ్బాల పోసి మరిచిన బాలయ్య గింజలు నోట్లేసుకున్న... అదే తీపి. అవ్వ రొట్టె తీపి.

ఆ మర్నాడే బాలయ్య దగ్గరికి పోయిన. చేనంత పత్తి మొలకలే. బస్తాలు, విత్తనానికి దాచింది, అంతా కోళ్ల దాణాకు అమ్మేసిండంట. "మీ బాపే దీంట్ల ఏం లేదన్నంక ఎవలి కోసం ఉంచాలె సేటూ?" అన్నడు. చాయ్ గూడ పోసిండు. తాగి వచ్చిన... తల ఎత్తలే.

ఈ సంగతి బాపుకు చెప్పలే. ఆ చలికాలంలనే బాపు పోయిండు.

నువ్వడిగినదానికి నిజం చెప్తున్న. విత్తనం మారితే రుచి మారింది, అది నాకెర్కే. బలం ఎంత తగ్గిందో నాలుక చెప్పలేదన్నా, ల్యాబుల చూడాలె. ఐరన్ ఎక్కువుండే కొత్త సజ్జలు గూడ తయారు చేసిండ్రంట. కొత్త విత్తనాలు ఏం పోగొట్టినయో తెల్వది గనీ, బాలయ్య విత్తనం పోగొట్టింది మాత్రం నేనే...

పచ్చజొన్న రొట్టె తిన్నోళ్లుంటే కింద రాయుండ్రి. ఎవరి దగ్గరన్న పిడికెడు విత్తనం ఉంటె ఊరు పేరు చెప్పుండ్రి, నేనే వస్త. బాలయ్యకు ఇయ్యాలె.

శీనన్నా... నయాపూల్ దాటి ఇటు రాక ఎన్నేండ్లాయె నువ్వు? ఎప్పుడు కలుద్దం?