తంబాకు చాటలో ఎండిన ఆకుప్పు

మా చిన్నప్పుడు... బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని మా ఇంట్లో రెండు చాటలు ఉండేవి. ఎర్ర గుడ్డ అంచు కుట్టినది అమ్మ ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టే తంబాకు చాట. రెండోది వంటింటిది. ఒకదాని పనికి ఇంకోదాన్ని ముట్టకూడదు. ఇంట్లో అంతకంటే గట్టి నియమం లేదు.

హోట్గి రోడ్డులో ఉండే అక్కకు అప్పుడు మూడో నెల. ఏం తిన్నా కక్కేస్తోంది. ఎండుటాకులు ఉప్పుతో దంచి అమ్మ చేసే ఆకుప్పు గంజిలో వేసుకుంటేనే కడుపులో నిలుస్తుందని కబురు పంపింది.

ఆ ఆదివారం బీడీల పని లేదు. "సుట్టి గదా, నేను బట్టలు ఉతుకుత. ఆకు జరా నువ్వే ఎండబెట్టవే," అంది అమ్మ.

డబ్బాల్లో పెంచిన పుదీనా, కొత్తిమీర, గోడవారనున్న కల్యామాకు, అదే కరివేపాకు, కోశాను. వంటింటి చాట నిండా బియ్యం ఉన్నాయి. దులిపితే చాలదా అనుకుని, ఎర్ర అంచు చాటలోనే ఆకులు పరిచి మిద్దె మీద పెట్టాను... సాయంత్రానికి గలగలలాడాయి.

రోట్లో దొడ్డుప్పుతో కలిపి దంచుతుంటే, పుదీనా కింద నుంచి ఇంకో వాసన లేచింది. రెండుసార్లు తుమ్మాను. చెప్తే వీపు పగులుతుంది... అమ్మే కనిపెడుతుందిలే అనుకున్నాను.

అమ్మ వచ్చి చిటికెడు నాలుక మీద వేసుకుంది. నేను రోకలి వదల్లేదు.

"మంచిగున్నది," అంది.

సీసాలో నింపింది. నాయిన అక్కకు ఇచ్చి రావడానికి వాకిట్లో సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"తల్లీబిడ్డలు జల్ది ఇయ్యుండ్రి. మీ ఉప్పు అయ్యేవరకు దానికి పిల్ల పుట్టి నడుస్తది."

సీసా సంచిలోకి వెళ్లింది. నాయిన పెడల్ మీద కాలు పెట్టాడు.

"అమ్మా... తంబాకు చాటల ఎండబెట్టిన," అన్నాను.

దెబ్బ కోసం కళ్లు మూసుకున్నాను. పడలేదు. తెరిచి చూస్తే, అమ్మ సీసా మూత తీసి వాసన చూస్తోంది. చేతులు సబ్బుతో కడుక్కొచ్చి మళ్లీ చూసింది.

"నాకు వాసనొస్తలేదేందే," అంది... మెల్లగా.

నాయిన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన చప్పున మొహం తిప్పుకున్నాడు.

"తంబాకే," అన్నాడు. "దినమంత దాంట్లనే కూసుంటివి, నీకెట్ల తెలుస్తది."

ఉప్పు తొక్కకూడదని అమ్మ దాన్ని బకెట్ నీళ్లలో కరిగించి మోరీలో పోసింది. మర్నాడు వంటింటి చాటలో ఆకులు తనే ఎండబెట్టింది, తనే దంచింది. సీసా మాత్రం నా ముక్కు దగ్గరికి తెచ్చింది. నేను తలూపాకే మూత బిగించింది.

అప్పటి నుంచి పాలు విరిగాయా, పప్పు మాడిందా అని నన్నే అడిగేది.

అమ్మ బీడీలు మానేసి ఏళ్లయింది. ఎర్ర అంచు చాట ఇప్పుడు ఇంట్లో లేదు. ఆకుప్పు నేనే చేస్తున్నాను... అమ్మ ఇప్పటికీ సీసా మూత తీసి, ముక్కు దగ్గర కాసేపు పెట్టుకుని, "మంచిగున్నదా?" అని నన్నే అడుగుతుంది.

మీ ఇళ్లలోనూ వేరుగా పెట్టిన చాటో, చెంబో ఉండే ఉంటుంది... రాయండి. అమ్మకు చదివి వినిపిస్తాను.